నరకం అనే మాటకు నేను చెప్పిన అర్థాలు

పాస్టర్లు కావడానికి వచ్చి నా దగ్గర గ్రీకు, అంటే కొత్త నిబంధన మూలభాష, నేర్చుకునే విద్యార్థులు మొదటి వారంలోనే నన్నొక ప్రశ్న అడిగేవారు. "రేపు మేం వెళ్ళేది పల్లెటూరి సంఘాలకి కదండి, అక్కడ ఈ గ్రీకు ఎందుకు పనికొస్తుంది?" నేను నవ్వేసి నల్లబల్ల మీద క్రియారూపాలు రాయడం మొదలుపెట్టేవాణ్ణి. జవాబు తెలియక కాదు. చెప్పాలంటే నా కథ చెప్పాలి, అందుకు ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు పదవీ విరమణ అయింది. నన్ను పిలిచి సంజాయిషీ అడిగే పై అధికారి లేడు. కాబట్టి రాస్తున్నాను.

పాస్టరుగా ఎన్ని సంఘాల్లో పనిచేశానో, ఎప్పుడెప్పుడు బదిలీ అయ్యానో రాయను. అవి ఫైళ్ళలో ఉన్నాయి. ఒక్క మాట గురించి రాస్తాను. నరకం. ఆ మాట నేను ఎవరి మీద ప్రయోగించానో, తర్వాత ఏమైందో, ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవాలి.

సండే స్కూలు పటం

మాది పెనుగొండ దగ్గర పల్లె. నాన్న మిషన్ బడిలో టీచరు. మా గుడిలో సండే స్కూలు గోడకి ఒక పెద్ద పటం ఉండేది. ఎడమ వైపు పరలోకానికి పోయే ఇరుకు దారి, కుడి వైపు వెడల్పు దారి. వెడల్పు దారి చివర మంటలు. ఆ పటం వేసినాయన నాటకాల కంపెనీలకి తెరలు వేసేవాడట. అందుకని ఆ మంటల మధ్య సలసల కాగే నూనె మూకుడు, దాని పక్కన కోరమీసాల భటులు, వాళ్ళ చేతుల్లో శూలాలు ఉండేవి. యమలోకం తెర మీద కనిపించే భటులే మా గుడి గోడ మీదా ఉండేవారు. మాకెవరికీ అందులో వింత కనిపించలేదు. నరకం అంటే అదే.

ఆ పటం చూసిన రోజు నేను బావి దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. కిందకి చూస్తే చీకటిగా ఉంటుందని భయం. పెద్దయ్యాక పాస్టర్లని తయారుచేసే సెమినరీకి వెళ్ళాను, గ్రీకు పాఠాలు పరీక్షకి సరిపోయేంత బట్టీపట్టాను, పాస్టరునయ్యాను. భయం మాత్రం పోలేదు. చిన్నప్పుడు భయపడినవాడు పాస్టరైతే ఏం చేస్తాడో నా అనుభవం మీద చెప్పగలను. తన భయాన్ని పదిమందికి పంచిపెడతాడు. దానికి సువార్త అని పేరు పెట్టుకుంటాడు.

తుపాను తర్వాత చేసిన ప్రసంగం

తొంభై ఆరు తుపాను వచ్చినప్పుడు నేను కోనసీమ చివర, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక సంఘంలో ఉన్నాను. మా వాళ్ళలో చాలామంది కూలి పనికి వెళ్ళేవాళ్ళు, కొబ్బరి పీచు తీసేవాళ్ళు. ఆ రోజు జరిగిందంతా రాయలేను. తెల్లారి బయటికి వస్తే కొబ్బరి చెట్లు మెడలు విరిగినట్టు వంగి ఉన్నాయి, కొన్నిటికి తలలే లేవు. మా పేటలో పదకొండు మంది కనపడలేదు. వాళ్ళలో శాంతమ్మ కొడుకు ప్రసాదు ఒకడు.

శాంతమ్మ పీచు పని చేసే మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. ప్రసాదు ఒక్కడే కొడుకు, పాతికేళ్ళు ఉంటాయి. తాగేవాడు. అంతకు మూడు నెలల ముందు ఒక ఆదివారం తాగి వచ్చి క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర మోకరించాడు. నేను రొట్టె ఇవ్వకుండా, "లే, బయటికి నడు" అన్నాను. సంఘమంతా చూస్తూండగా లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ గుడికి రాలేదు. తుపాను రోజు మధ్యాహ్నం కాలవ గట్టు మీద పాకలో పడి నిద్రపోతున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. నీళ్ళు వచ్చినప్పుడు అతన్ని లేపేవాళ్ళెవరూ లేకపోయారు. శవం ఐదో రోజున దొరికింది.

రెండు వారాల తర్వాత జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. గుడి పైకప్పు సగం ఎగిరిపోయింది, ఆ సగం ఖాళీలోంచి ఆకాశం కనిపిస్తోంది. జనం బయట దాకా నిలబడ్డారు. నేను ధనవంతుడి కథ తీసుకున్నాను, చనిపోయాక మంటలో పడి నీటి చుక్క కోసం అల్లాడేవాడి కథ. ఆ వాక్యంలో ఉన్న మాట పాతాళం. నేను చదివింది పాతాళమే. ప్రసంగంలో చెప్పింది మాత్రం మొదటి నుంచి చివరిదాకా నరకం. ఆ తేడా నాకప్పుడు తట్టనే లేదు.

"ఈ రోజు మనలో లేనివాళ్ళలో సిద్ధపడకుండా పోయినవాళ్ళున్నారు. తాగి పోయినవాళ్ళున్నారు. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో నేను చెప్పక్కర్లేదు. ఆ మంట ఆరదు. వాళ్ళు అరుస్తున్నారు. మీకు వినపడడం లేదంతే" అన్నాను.

జనం ఏడ్చారు. మోకాళ్ళ మీద పడ్డారు. తర్వాతి నెలలో ఎన్నో బాప్తిస్మాలు జరిగాయి. మా పై అధికారి, మా ప్రాంతపు పాస్టర్లందరికీ పెద్దాయన, రాజమండ్రి నుంచి ఉత్తరం రాశారు. దేవుడు నిన్ను బలంగా వాడుకున్నాడు అని. ఆ ఉత్తరం నా భార్యకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ "శాంతమ్మ మూడో వరసలో కూర్చుంది, చూశారా?" అని మాత్రం అడిగింది.

చూశాను. చూస్తూనే చెప్పాను.

శాంతమ్మ చెయ్యి

క్రిస్మస్ ముందు ఇళ్ళు దర్శించడానికి బయల్దేరాను. శాంతమ్మ ఇంటికి తుపాను తర్వాత కట్టిన తాటాకు కప్పు. లోపల పొయ్యి వెలుగుతోంది. నన్ను చూసి కొంగుతో ఎడమ చెయ్యి కప్పుకుంది. కొంగు జారింది. అరచెయ్యి అంతా బొబ్బలు. కొన్ని పాతవి, తొక్క ఊడినవి. కొన్ని కొత్తవి.

"ఏంటమ్మా ఇది? ఎలా కాలింది?" అన్నాను.

"ఆయ్, కాలలేదండి. నేనే పెట్టేను."

నాకు అర్థం కాలేదు. ఆవిడ పొయ్యి వైపు చూపించింది, వంట సంగతి చెప్పినంత మామూలుగా.

"రోజూ పొద్దున్నే పెడతానండి. వాడికి ఎలాగుంటాదో తెలుసుకుందామని. పది లెక్కెట్టేదాకా ఉంచగలుగుతున్నానండి. మొదట్లో మూడు కూడా ఉంచలేకపోయేదాన్ని." పొయ్యి ఎగదోసి, "వాడికి ఒళ్ళంతా కదండీ అయ్యగారూ? పది లెక్కెట్టినా అయిపోదు కదండీ?" అని అడిగింది.

పొయ్యిలో కొబ్బరి డొక్క చిటపటమంటోంది. ప్రార్థన చేస్తానని కళ్ళు మూసుకున్నాను. నోటికి మాట రాలేదు. ఆవిడే చివరికి "ఆమేన్" అంది, నేను చేసేశాననుకుని.

బయటికొచ్చి సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాను. నేను సంఘంలో పుట్టించిన భయం అలా ఒక మనిషి అరచేతి మీద కనపడుతుందని నాకెవరూ చెప్పలేదు. నా భార్య ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే వెన్న, పసుపు తీసుకుని వెళ్ళి ఆవిడ పొయ్యి దగ్గర కూర్చునేది. శాంతమ్మ చెయ్యి మంటలో పెట్టకుండా ఆపింది నా ప్రసంగాలు కావు, నా భార్యే.

దేవసహాయం గారి వరండా

సెమినరీలో నాకు గ్రీకు చెప్పిన దేవసహాయం గారు అప్పటికి రిటైరై రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర ఒక చిన్న ఇంట్లో ఉండేవారు. రావులపాలెంలో బస్సు మారి, అరటి గెలల లారీల మధ్య గంట నిలబడి, మధ్యాహ్నానికి చేరాను. వరండాలో కూర్చుని జరిగింది మొత్తం చెప్పాను. ఆయన విన్నంతసేపూ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"నీకు నేను చెప్పిన పాఠాలు గుర్తున్నాయా?" అన్నారు.

"పరీక్షకి చదివానండి."

"అయితే మళ్ళీ చెబుతాను, ఈసారి ఆ తల్లిని దృష్టిలో పెట్టుకుని విను. మనం నరకం అంటున్నది గ్రీకులో ఒక్క మాట కాదు. ప్రభువు నోటినుంచి ఎక్కువగా వచ్చింది గెహెన్నా. అది ఊరి పేరు లాంటిది. యెరూషలేము గోడ బయట హిన్నోము లోయ. ఒకప్పుడు రాజులే తమ పిల్లల్ని అక్కడ అగ్నిలో బలి ఇచ్చారు. ఆ మాట చెవిన పడగానే యూదుడికి ఆ లోయ, ఆ పిల్లలు, దేవుడి తీర్పు గుర్తొస్తాయి. మన వాళ్ళకి నరకం అనగానే ఏం గుర్తొస్తుంది?"

"నూనె మూకుడండి" అన్నాను.

"అంతే. రెండోది హేడిస్. చచ్చినవాళ్ళుండే చోటు. మన తెలుగులో పాతాళం అని పెట్టారు. మూడోది టార్టరస్, ఒకే ఒక్కచోట వస్తుంది, అదీ పాపం చేసిన దూతల సంగతి. పాత ఇంగ్లీషు బైబిలు ఈ మూడింటికీ ఒకే మాట వాడింది. మన తెలుగు అనువాదకులు చాలా నయం, పాతాళాన్నీ నరకాన్నీ వేరుగా ఉంచారు. ఇంగ్లీషు ప్రసంగాల పుస్తకాలు చూసి ఆ రెంటినీ మళ్ళీ కలిపేసింది మనం, పల్పిట్ ఎక్కి ప్రసంగాలు చేసేవాళ్ళం."

నాకు కొండంత బరువు దిగినట్టయింది. "అయితే ఆ మంట లేదాండి?" అని ఆత్రంగా అడిగాను.

"తొందరపడకు. నువ్వు చదివిన ధనవంతుడి కథలో ఉన్నది హేడిసే, అక్కడా మంట ఉంది. నేను దాన్ని చెరపలేను. నిత్యశిక్షలో నిత్య అన్నచోట గ్రీకులో ఐయోనియోస్ ఉంది. అంతంలేనిది అంటారు కొందరు, రాబోయే యుగానికి చెందినది అంటారు కొందరు. నిత్యజీవం అన్నచోటా అదే మాట. ఒక చోట తగ్గిస్తే రెండో చోట ఏం చేస్తావు? గ్రీకు నీకు తలుపు తెరుస్తుంది కానీ, లోపల ఏముందో మొత్తం చూపించదు."

"మరి ఇదంతా మీరు సంఘాల్లో ఎప్పుడూ చెప్పలేదేంటండి?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషి, నాకు తెలిసినంతలో మా వాళ్ళలో అంత చదువుకున్నవాళ్ళు లేరు.

"భయమయ్యా. ఇది చెబితే గుళ్ళు ఖాళీ అవుతాయని పెద్దవాళ్ళు అనేవారు. ఉద్యోగం పోతుందని నేను భయపడ్డాను. నలభయ్యేళ్ళు క్లాసులో చెప్పాను, క్లాసు బయట చెప్పలేదు. నువ్వు ఆ రోజు నిలబడి అలా మాట్లాడావంటే, అందులో నా వాటా ఉంది" అన్నారు.

ఆయన మీద నాకు చాలా గౌరవం. అయినా నిజం రాయాలి. తెలిసి నోరు మూసుకున్న గురువు తెలియక వాగిన శిష్యుడి కంటే తక్కువ నష్టం చెయ్యలేదు.

సగం తెలిసి చెప్పిన సంగతి

మర్నాడే శాంతమ్మ దగ్గరికి పరుగెత్తాను. అది నా రెండో తప్పు. హిన్నోము లోయ గురించి, హేడిస్ గురించి ఆవిడకి గడగడా చెప్పేశాను. వాడు మంటలో ఉన్నాడని ఎవరూ కచ్చితంగా చెప్పలేరమ్మా అన్నాను. ఆవిడ మొహం తేలికపడుతుందని ఎదురు చూశాను.

"మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పేరండి?"

"తెలియక చెప్పానమ్మా."

"తెలవకుండానే చెప్పేరా? అంత గట్టిగా?"

అవునన్నాను.

"ఇప్పుడు తెలిసిందాండి?"

"పూర్తిగా తెలియదు."

"అయితే రేపు ఇంకో పుస్తకం చదివితే ఇంకోటి చెప్తారు" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆవిడ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. పొయ్యి ఊదే గొట్టం పక్కన పెట్టి, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది బయట పెట్టింది.

"అయ్యగారూ, సంఘం పుస్తకంలో నా పేరు కొట్టెయ్యండి. ఇంక నేను ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యను."

"ఎందుకమ్మా?"

"నేను రక్షణలో ఉంటే పరలోకం పోతాను కదండీ. వాడు ఆ మంటలో ఉంటాడు. నేను పరలోకంలో పాటలు పాడుకుంటా కూర్చోవాలా? నా వల్ల కాదండి. వాడు చిన్నప్పుడు చీకటంటే ఏడ్చేవాడు. ఒక్కడూ ఉండలేడు. నేనూ వాడి దగ్గరికే పోతాను. మంటైనా సరే, ఇద్దరం ఉంటాం."

నరకం గురించి నేను ఎన్నో పుస్తకాలు చదివాను. దానికి భయపడి దేవుడి దగ్గరికి పరుగెత్తేవాళ్ళని చూశాను. కొడుకు కోసం తనంతట తాను అక్కడికి వెళ్తానని లేచిన మనిషిని చూడడం అదే మొదలు, అదే ఆఖరు. ఆవిడ ఆ మాట ఉత్తినే అనలేదు. పరలోకాన్ని నిజంగా వదులుకుంది. నేను పేరు కొట్టెయ్యలేదు. ఆవిడ మాత్రం అన్నమాట ప్రకారమే చేసింది. ఆదివారం ఆదివారం గుడికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. రొట్టె పంచే బల్ల వేళకి లేచి బయటికి వెళ్ళి నిలబడేది.

యాకోబు అడిగింది

నాలుగు వారాలు అలా చూశాను. ఐదో ఆదివారం ప్రసంగం కాగితాలు పక్కన పెట్టి, సంఘం ముందు నిలబడి చెప్పాను. తుపానులో చనిపోయినవాళ్ళ గురించి నేను చెప్పింది నాకు తెలిసి చెప్పింది కాదు, ఎవరు ఎక్కడున్నారో చెప్పే అధికారం నాకు లేదు, నన్ను క్షమించండి అన్నాను. ఆ మాటల గ్రీకు సంగతి కూడా నాకు చేతనైనంత సులువుగా చెప్పాను.

మగవాళ్ళ వైపు నుంచి యాకోబు లేచాడు. అరవయ్యేళ్ళ కూలి మనిషి, గుడిలో ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని మనిషి. అంతకు కొన్నేళ్ళ ముందు అతని తమ్ముణ్ణి పొలం గొడవలో కొట్టి చంపి కాలవలో పడేశారు. సాక్షులు మాట మార్చేశారు. కేసు కొట్టేశారు. చంపినవాళ్ళు రోజూ అతని ఇంటి ముందు నుంచే మోటారు సైకిళ్ళ మీద వెళ్తుంటారు.

"అయ్యగారూ, ఒక్క మాటండి. నరకం మీకు తెలవదంటున్నారు. మరి నా తమ్ముణ్ణి చంపినోళ్ళకి ఏముందండి? కోర్టు లేదంది. పోలీసులు లేదన్నారు. ఇప్పుడు మీరు కూడా లేదంటే, మేం ఎక్కడికెళ్ళి అడగాలండి?"

తీర్పు ఉంది యాకోబూ, దేవుడు చూస్తున్నాడు అన్నాను. ఎలా ఉంటుందో నాకు తెలియదన్నాను. అతను తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ఆ చాలని జవాబు ఇన్నేళ్ళైనా నన్ను వదల్లేదు. గాయపడినవాడికి నరకం పేరు చెప్పి భయపెట్టడం ఎంత తప్పో, అన్యాయమైపోయినవాడి దగ్గర్నుంచి తీర్పును లాగేసుకోవడం అంత తప్పు. ఒకే గుడిలో, ఒకే ఆదివారం, ఆ ఇద్దరూ నా ముందు కూర్చుని ఉన్నారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది మర్చిపోవద్దు. మీ ప్రసంగం వినేది ఒక్కరు కాదు.

ఆ నెలలోనే కొన్ని కుటుంబాలు మమ్మల్ని విడిచి రోడ్డు పక్క కొత్తగా వేసిన ప్రార్థన పందిరికి వెళ్ళిపోయాయి. అక్కడ మంటలు బాగా వర్ణిస్తారని పేరు. మా పై అధికారి, ఆ పెద్దాయన, నన్ను రాజమండ్రికి పిలిపించారు.

"గ్రీకు క్లాసురూములో ఉండాలయ్యా. దాన్ని పల్పిట్ ఎక్కిస్తే జనం తట్టుకోలేరు" అన్నారు. తిట్టలేదు. టీ తెప్పించారు. "రేపు వాళ్ళు తాగుతారు, కొట్టుకుంటారు, దేంతో ఆపుతావు?" అని అడిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. భయం లేకపోతే మనుషులు మంచిగా ఉండరని ఆయన భయం. "నీకు గ్రీకు అంత ఇష్టమైతే అక్కడే ఉండు" అని మా పాస్టర్ల శిక్షణ పాఠశాలకి మార్చారు. శిక్షగా వేసిన ఆ బదిలీలోనే నా మిగతా ఉద్యోగమంతా గడిచింది.

ఒక్క మాటకి ఒక రోజంతా

తర్వాత కొన్నేళ్ళకి, రెండు వేల సంవత్సరం దాటాక, కొత్త నిబంధనని వాడుక తెలుగులో సరిచూసే చిన్న బృందంలో నన్ను వేశారు. మా తెలుగు చూడడానికి అమలాపురం నుంచి ఒక రిటైర్డు తెలుగు లెక్చరరు వచ్చేవారు, శాస్త్రి గారు. క్రైస్తవులు కారు, కానీ మాకంటే శ్రద్ధగా చదివేవారు. గెహెన్నా అన్నచోట నరకం ఉంచాలా, గెహెన్నా అనే రాయాలా అని పొద్దున్నించి సాయంత్రం దాకా వాదించుకున్నాం.

శాస్త్రి గారు అంతా విని అన్నారు. "ఏమీ అనుకోకండి. నరకం మా మాటండి. మా పురాణాల్లో నరకాలు చాలా ఉన్నాయి, భయంకరమైనవే. కానీ చేసిన పాపానికి తగ్గంత అనుభవించాక అక్కణ్ణించి బయటికి వస్తాడు. మీవాళ్ళు ఆ మాట తీసుకున్నారు, మూకుడూ తీసుకున్నారు, గడువు మాత్రం తీసుకోలేదు."

నా పక్కనున్నాయన పెన్ను మూత పెట్టడం, తియ్యడం చేస్తున్నారు. ఇన్నేళ్ళుగా నేను ఎదురు చూసిన అవకాశం అది. గెహెన్నా అని రాయించి, కింద వివరణ వేయిస్తే, ఇంకో శాంతమ్మకి ఆ బాధ ఉండదు. చేతులెత్తి ఓటు వేసే వేళకి నాకు యాకోబు గుర్తొచ్చాడు. అతను ఆ పేజీ తెరిచి ఏదో దూరదేశపు లోయ పేరు చదువుకుంటాడు. తన తమ్ముడి సంగతి దేవుడు కూడా భూగోళం పాఠంలో కలిపేశాడనుకుంటాడు. నరకం ఉంచుదామని చెయ్యెత్తాను. నరకమే ఉండిపోయింది, కింద చిన్న అక్షరాల్లో లోయ వివరణతో. అది సరైన నిర్ణయమో, పిరికి నిర్ణయమో ఇవాళ్టికీ నాకు తెలియదు. అనువాదం చేసేవాడు ఒక మాట రాసినప్పుడల్లా ఎవరో ఒకరిని వదిలేస్తాడు. ఎవరిని వదులుతున్నాడో తెలిసి రాస్తే అదే గొప్ప.

ఎనిమిదేళ్ళ తర్వాత

ఆ పాత సంఘం గుడి కొత్తగా కట్టి ప్రతిష్ఠ చేస్తూ నన్ను పిలిచారు. ఆదివారం ఆరాధన నన్నే జరిపించమన్నారు. ముందు రోజు సాయంత్రం శాంతమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుంటోందని, బల్ల వేళకి బయటికి వెళ్తోందని కొత్త పాస్టరు ముందే చెప్పారు. తుపాను వచ్చి ఎనిమిదేళ్ళు. వెళ్ళాలంటే నిజంగా భయం వేసింది.

పీట వేసింది. కొబ్బరి నీళ్ళు ఇచ్చింది. నా భార్య బాగుందా అని అడిగింది. తర్వాత ఉన్నట్టుండి అంది.

"అయ్యగారూ, మీరు గ్రీకు మాస్టారు కదండీ. ఒకటి అడుగుతాను. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్తాం కదండీ నిలబడి. ప్రభువు చనిపోయేడు, పాతిపెట్టేరు, ఆ తర్వాత పాతాళంలోకి దిగేడు అంటాం. అది నిజవేనాండి? ఆ మాట సరిగ్గానే రాసేరా?"

"నిజమేనమ్మా. చచ్చినవాళ్ళున్న చోటికి దిగాడని."

"మా ప్రసాదున్న చోటికేనా?"

నేను ఆ వాక్యాన్ని ఎన్నో బ్యాచ్‌లకి పాఠంగా చెప్పాను. ఏ భాషలో ఏ పదముందో, ఎప్పుడు చేరిందో, ఎవరెవరు ఎలా అనువదించారో అన్నీ చెప్పాను. ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

"చచ్చినవాళ్ళందరూ ఉన్న చోటికమ్మా" అన్నాను.

"చిన్నప్పట్నుంచి చెప్తూనే ఉన్నానండి, నోటికొచ్చి. మొన్నీమధ్యే నాకు వినపడింది. ఆయనంతటివాడు అక్కడిదాకా దిగేడంటే ఊరికే చూసి రావడానికి దిగుతాడాండి? ఉత్తి చేతుల్తో పైకొస్తాడాండి?"

నాకు తెలిసిన గ్రీకంతా నాలుక చివర ఉంది. కొందరు అలా నమ్మారనీ, కొందరు ఒప్పుకోలేదనీ, రెండు వైపులా వాక్యాలున్నాయనీ చెప్పవచ్చు. ఆవిడ నా మొహం వైపే చూస్తోంది. ఒకసారి తెలియకుండా గట్టిగా చెప్పి ఆవిడ్ని కాల్చాను. ఒకసారి సగం తెలిసి హడావుడిగా చెప్పి ఆవిడ్ని వాకిట్లో నిలబెట్టాను. మూడోసారి నోరు జారకూడదనుకున్నాను.

"నాకు తెలియదు శాంతమ్మా. అలాగే అయ్యుండాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ తెలియదు."

ఆవిడ తలూపింది. "ఈసారి నిజవే చెప్పేరు" అంది. లేచి గ్లాసు తీసుకుంటూ, "రేపు వస్తానండి బల్లకి. వాడి దగ్గరికి ఆయన పోయేడు కదా, నేను ఆయన దగ్గరికొస్తాను" అంది.

మర్నాడు వరస చివర వచ్చి మోకరించింది. కొత్త గుడి, కొత్త సున్నం వాసన. ఆవిడ ముందు నిలబడినప్పుడు నాకు పాత భయాలన్నీ ఒకేసారి వచ్చాయి. ఈవిడ కొడుకు గురించి నేను అన్నది ఇప్పుడు కూడా తప్పైతే? ఈవిడ ఆశ పెట్టుకుంది నా తెలియనితనం మీదే అయితే? రొట్టె ముక్క వేళ్ళలోంచి జారి పళ్ళెంలో పడిపోయింది. శాంతమ్మ తల ఎత్తి, ఎవరికీ వినపడకుండా, "కంగారు పడకండయ్యగారూ, మళ్ళీ తీసి ఇవ్వండి" అంది.

తీసి ఇచ్చాను.